కొత్త సిస్టమ్, పాత లైబ్రరీలు: సోర్స్ నుంచి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు



మన బులెటిన్‌లో మామూలుగా ఉపకార వేతనాల వివరాలు, మార్కుల జాబితాలు, పోటీ పరీక్షల సంగతులు వస్తుంటాయి. ఈసారి ఒక కంప్యూటర్ పాఠం వ్రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను. 1984లో రంగరాజన్ కమిటీ సిఫారసుల తర్వాత బ్యాంకు శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి. ఆ వెనుక యూనిక్స్ మీద నడిచే కంప్యూటర్లు వచ్చాయి. నల్ల తెర మీద ఆదేశం టైపు చేసి జవాబు కోసం కాచుకోవడం మా తరానికి అక్కడే అలవాటయింది. నాకు ఆ అలవాటు ఇంకా పోలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన కె.జి.ఎఫ్. పిల్లలు మారికుప్పంలోనో బంగారుపేటలోనో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవడం మామూలైపోయింది. బి.సి.ఏ., డిప్లొమా చదివినవారిలో కొందరికి సర్వర్లు చూసుకునే పని దొరుకుతుంది. సర్వరును ఏర్పాటు చేయడం పుస్తకం చూసి ఎవరైనా చేస్తారు. నడుస్తున్నదాన్ని ఆపకుండా కొత్త వెర్షనుకు మార్చడం, మార్చాక ఏదో ఒకటి మొరాయిస్తే కారణం కనుక్కోవడం, ఆ పనిలో అసలు భాగం. అందులో అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటి తీసుకుంటున్నాను. నా చేతులారా నేను తెచ్చుకున్న చిక్కే కాబట్టి బాగా తెలుసు.

మన చదువుల గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. దానిమీద ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. ఇది యూనిక్స్ కుటుంబానికి చెందినది, ఉచితం, సోర్స్ అంతా తెరిచి ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు అందులో ఉంచాము. ఉపకార వేతనం దరఖాస్తుకు పిల్లలు మార్కుల కార్డులు ఎక్కించే పేజీ కూడా అందులోనే పెట్టాము. ఆ పేజీని నడిపేది ఎంజిన్ఎక్స్ అనే ప్రోగ్రాము. 2024 జనవరిలో, ఒక డిప్లొమా అబ్బాయి, ఒక బి.సి.ఏ. అమ్మాయి పక్కన కూర్చోగా, 13.2 వెర్షను నుంచి 14.0కు సోర్స్ నుంచే కంపైల్ చేసి మార్చాము. ఆదివారం సాయంత్రానికి పని అయిపోయింది. పేజీ తెరుచుకుంటోంది. ముగ్గురం టీ తాగి ఇళ్లకు పోయాము.

సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. యూ.పీ.ఎస్. బ్యాటరీ పాతది, అరగంటకే చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక కంప్యూటరు లేచింది కానీ ఎంజిన్ఎక్స్ లేవలేదు. తెర మీద ఒకే వాక్యం: లిబ్ఎస్ఎస్ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 111 అనే ఉమ్మడి ఫైలు దొరకలేదు, ఎంజిన్ఎక్స్‌కు అది కావాలి అని. దరఖాస్తుకు ఆఖరు రోజు బుధవారం. సాయంత్రం ఒక తల్లి పని ముగించుకుని నేరుగా వచ్చి, "మా వాడి కార్డు ఎక్కిందా సార్, ఫోనులో ఏమీ తెరుచుకోలేదే" అని అడిగింది. ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి, ఆమె కొడుకు కార్డు కూడా ఉంది, తీసి చూపించాను. ఇంకా ఎక్కించని పిల్లల సంగతి ఏమిటి?

తల్లిదండ్రులకు అర్థమయ్యేలా లైబ్రరీ అంటే ఏమిటో ముందు చెబుతాను. పూర్వం బ్యాంకు కౌంటరులో రెడీ రెకనర్ అని ఒక పుస్తకం ఉండేది. ఇంత అసలుకు, ఇంత రేటుకు, ఇన్ని రోజులకు వడ్డీ ఎంత అని పట్టికలు అచ్చువేసి ఉండేవి. ప్రతి గుమాస్తా లెక్క మొదటినుంచీ కట్టేవాడు కాదు, ఆ పుస్తకం తెరిచి చూసేవాడు. కంప్యూటరులో ఉమ్మడి లైబ్రరీ అటువంటిదే. ఇంటర్నెట్ మీద సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే పని ఎంజిన్ఎక్స్‌కూ కావాలి, కర్ల్‌కూ కావాలి, ఇంకా పది ప్రోగ్రాములకూ కావాలి. ఆ పనిని ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీలో ఒకచోట వ్రాసి పెట్టారు. మిగతావన్నీ దాన్ని తెరిచి వాడుకుంటాయి.

పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది అనుకోండి. అందులో పట్టికల వరుస మార్చేశారు. "42వ పేజీ, మూడో కాలమ్" అని పాత పుస్తకానికి అలవాటుపడిన గుమాస్తా కొత్త పుస్తకంలోనూ అదే పేజీ తెరిస్తే తప్పు వడ్డీ వేస్తాడు. అందుకని లైబ్రరీ ఫైలు పేరు చివర ముద్రణ సంఖ్య వంటి అంకె ఒకటి పెడతారు. పాత వాడుకకు పొసగని మార్పు చేసినప్పుడు ఆ అంకె మారుస్తారు. ఫ్రీబీఎస్‌డీ 13లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1 ఉండేది, ఫైలు చివరి అంకె 111. 2023 నవంబరులో వచ్చిన 14.0లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 పెట్టారు, అంకె 30 అయింది. 1.1.1కు దాని తయారీదారుల ఉచిత మద్దతు 2023 సెప్టెంబరు 11తో ముగిసింది కాబట్టి ఆ మార్పు తప్పనిసరి.

ప్రోగ్రామును కంపైల్ చేసినప్పుడు, తనకు ఏ ముద్రణ కావాలో ఆ పేరు దానిలోనే నమోదవుతుంది. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు లోడరు ఆ పేరు చూసి, ఆ ఫైలు కోసం వెతుకుతుంది. దొరకకపోతే ఆగిపోతుంది. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసింది, పాత ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్లు 2021 జూలై 1 నుంచి చెల్లలేదు. ఖాతా ఉంది, డబ్బు ఉంది, మనిషి ఉన్నాడు. ఫారములో పాత కోడ్ వ్రాసినందుకు డబ్బు చేరదు. లైబ్రరీ సంగతీ అంతే.

ఇక అప్‌గ్రేడ్ వరుస. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో వ్రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, హ్యాండ్‌బుక్‌లో ఉన్నట్టు చేయండి. సోర్స్ డైరెక్టరీలో అప్‌డేటింగ్ అనే ఫైలు ఉంటుంది, అది చదవకుండా మొదలుపెట్టవద్దు. తర్వాత మేక్ బిల్డ్‌వరల్డ్, మేక్ బిల్డ్‌కెర్నెల్. పాత యంత్రంలో వీటికి గంటలు పడుతుంది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు మనది. అయినా ఈ పనికి కూర్చునేముందు మంచి యూ.పీ.ఎస్. చూసుకోండి. ఇంతవరకు కట్టినదంతా వేరే డైరెక్టరీలో ఉంటుంది, నడుస్తున్న సిస్టమ్‌ను ఇంకా ముట్టుకోలేదు.

ఆ తర్వాత మేక్ ఇన్‌స్టాల్‌కెర్నెల్, రీబూట్. కెర్నెల్ ముందు ఎందుకు మార్చాలి? కొత్త కెర్నెల్ పాత ప్రోగ్రాములను నడపగలిగేలా తయారుచేస్తారు. పాత కెర్నెల్ మీద కొత్త ప్రోగ్రాములు నడుస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. ఈ వరుస తారుమారు చేసినవారికి "బ్యాడ్ సిస్టమ్ కాల్" అని వచ్చి, ఒక్కోసారి ఎల్ఎస్ వంటి చిన్న ఆదేశం కూడా నడవదు. రీబూట్ చేసి సింగిల్ యూజర్ మోడ్‌లోకి వచ్చాక గడియారం సరిచూసుకోండి, పాత మదర్‌బోర్డుల బ్యాటరీ చచ్చి తేదీ వెనక్కి పోయి ఉంటుంది. మేక్ అనే ప్రోగ్రాము ఫైళ్ల తేదీలు చూసి పనిచేస్తుంది, తేదీ తప్పితే అది కూడా తప్పుతుంది. తర్వాత ఎట్‌సీఅప్‌డేట్ మైనస్ పీ, మేక్ ఇన్‌స్టాల్‌వరల్డ్, మళ్లీ ఎట్‌సీఅప్‌డేట్ మైనస్ బీ (పెద్ద అక్షరం), మేక్ డిలీట్-ఓల్డ్, రీబూట్.

ఇక్కడ ఆగాలి. నేను ఆగలేదు.

డిలీట్-ఓల్డ్ అని ఒకటి, డిలీట్-ఓల్డ్-లిబ్స్ అని ఇంకొకటి ఉన్నాయి. మొదటిది వాడుకలో లేని పాత ఫైళ్లను తీసేస్తుంది. రెండోది పాత లైబ్రరీలను తీసేస్తుంది. ఇన్‌స్టాల్‌వరల్డ్ కొత్త లైబ్రరీలను పెడుతుందే గాని పాతవాటిని తీయదు, 111 పక్కనే 30 కూడా ఉంటుంది. ఎందుకంటే ఎంజిన్ఎక్స్, కర్ల్, పైథాన్ వంటివి ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం కావు. అవి ప్యాకేజీల రూపంలో విడిగా వస్తాయి, 13 మీద కట్టినవి. వాటిని కూడా 14కు కట్టినవాటితో మార్చిన తర్వాతే పాత లైబ్రరీలు తీయాలి. నేను రెండూ ఒకే రకం శుభ్రం చేసే పనులే అనుకుని, వరుసగా రెండూ కొట్టాను. ప్రతి ఫైలుకూ "తీసేయమంటావా" అని అడిగింది. ప్రతిసారీ వై నొక్కాను. అబ్బాయి, "సార్, దీని కింద ఏదో హెచ్చరిక ఉంది చూడండి" అన్నాడు. "అదంతా మామూలేనప్పా" అన్నాను. ఓచరు చదవకుండా సంతకం పెట్టడం అంటే అదే. ముప్పై ఏళ్లకు పైగా ఇతరులకు వద్దని చెప్పిన పని.

మరి ఆదివారం రాత్రంతా పేజీ ఎలా నడిచింది? ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. యూనిక్స్‌లో ఒక ఫైలును నడుస్తున్న ప్రోగ్రాము తెరిచి ఉంచినంతసేపు, మనం దాని పేరు తీసేసినా ఫైలు లోపల బ్రతికే ఉంటుంది. ఎంజిన్ఎక్స్ పాత పుస్తకాన్ని చేతిలో పట్టుకునే ఉంది. కరెంటు పోయి మళ్లీ మొదలైనప్పుడు అల్మారాలో వెతికితే పుస్తకం లేదు. కాబట్టి అప్‌గ్రేడ్ అయ్యాక పేజీ తెరుచుకుంటోంది అని సంతోషపడడం చాలదు. అన్ని సర్వీసులూ ఆపి, మళ్లీ మొదలుపెట్టి, అప్పుడు చూడాలి. ఈ పరీక్ష ఆదివారమే చేసి ఉంటే పిల్లలకు ఒక రోజు మిగిలేది.

చిక్కు వచ్చాక వెతకవలసిన పద్ధతి చెబుతాను. బ్యాంకు రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్ కామర్స్ పిల్లలకు తెలుసు. క్యాష్ బుక్ ఒక మొత్తం చూపుతుంది, పాస్ బుక్ ఇంకొకటి చూపుతుంది. తేడా ఎక్కడ ఉందో రెండూ పక్కపక్కన పెట్టి పట్టుకోవాలి. ఇక్కడా రెండు పుస్తకాలు ఉన్నాయి: ప్రోగ్రాము అడుగుతున్నది ఒకటి, సిస్టమ్‌లో ఉన్నది ఒకటి.

మొదట కెర్నెల్, మిగతా సిస్టమ్ ఒకే వెర్షనులో ఉన్నాయా అని చూడండి. యూనేమ్ ఆదేశానికి పెద్ద అక్షరం కె జతచేస్తే కెర్నెల్ సంఖ్య, పెద్ద అక్షరం యు జతచేస్తే మిగతా సిస్టమ్ సంఖ్య వస్తాయి. 14.0కు 1400097, 13.2కు 1302001. ఒకటి 14, ఒకటి 13 చూపితే ఇన్‌స్టాల్‌వరల్డ్ సగంలో ఆగింది అని అర్థం. అప్పుడు ప్యాకేజీల జోలికి పోకుండా ముందు దాన్ని పూర్తిచేయాలి. మా యంత్రంలో రెండూ 1400097 చూపాయి, అంటే తప్పు అక్కడ లేదు.

తర్వాత ఎల్‌డీడీ అనే ఆదేశం, దాని పక్కన ప్రోగ్రాము పూర్తి పేరు. ఆ ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలన్నీ వరుసగా, ఏది ఎక్కడ దొరికిందో చూపుతుంది. దొరకనిదాని ఎదుట "నాట్ ఫౌండ్" అని ఉంటుంది. ఒక్క ప్రోగ్రాముతో ఆగకుండా, లోకల్ డైరెక్టరీలోని బిన్, ఎస్‌బిన్, లిబ్ అన్నింటిలోని ఫైళ్లకూ ఇదే నడిపి "నాట్ ఫౌండ్" ఉన్నవాటిని ఒక కాగితం మీద వ్రాసుకోండి. లిబ్ ఎందుకంటే, లైబ్రరీ కూడా ఇంకో లైబ్రరీని అడుగుతుంది. కర్ల్ ప్రోగ్రాము తనంతట 111ను అడగకపోవచ్చు, అది వాడే లిబ్‌కర్ల్ అడుగుతుంది. తప్పు చూపించే ప్రోగ్రాము ఒకటి, తప్పు ఉన్న ఫైలు మరొకటి. పికెజి విచ్ అనే ఆదేశానికి ఆ ఫైలు పేరు ఇస్తే, అది ఏ ప్యాకేజీదో చెబుతుంది. సిస్టమ్‌లో ప్రస్తుతం ఏ లైబ్రరీలు నమోదై ఉన్నాయో ఎల్‌డీకాన్ఫిగ్ మైనస్ ఆర్ చూపుతుంది.

మా జాబితాలో చేరిన మొదటి పేరు ఏమిటో తెలుసా? పికెజి. ప్యాకేజీలను మార్చే పనిముట్టే నడవడం లేదు! తాళంచెవి పెట్టె లోపల పెట్టి తాళం వేసినట్టయింది.

ఆ అమ్మాయి చురుకైనది. "సార్, 30 ఫైలుకే 111 అని ఇంకో పేరు పెడదాం, లింకు వేస్తే చాలు కదా" అంది. ఈ సలహా చాలామంది ఇస్తారు. నేను వద్దనలేదు, ఫలితం ఆమె కళ్లతోనే చూడనీ అనుకున్నాను. లింకు వేశాము. ఫైలు దొరకలేదు అన్న తప్పు పోయింది. దాని స్థానంలో, ఈ ఫైలులో తనకు కావలసిన సింబల్ వెర్షను లేదు అని ఇంకో తప్పు వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. నిజానికి అలా ఆగిపోవడమే మన అదృష్టం. సింబళ్లకు వెర్షను గుర్తులు లేని లైబ్రరీ అయితే ప్రోగ్రాము మొదలై, కొంతసేపు నడిచి, తప్పు జవాబులు ఇచ్చి, ఎప్పుడో కూలిపోయేది. ట్రయల్ బ్యాలెన్స్ తేలకపోతే తేడా మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి తేలింది అనిపించుకోవడం ఎటువంటిదో, ఈ లింకు అటువంటిది.

పేరు మారిస్తే ఎందుకు కుదరదు, మళ్లీ కంపైల్ చేస్తే ఎందుకు కుదురుతుంది అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0లో కొన్ని ఫంక్షన్ల పేర్లు మార్చారు. ఈవీపీ-ఎండీ-సైజ్ అన్నది ఈవీపీ-ఎండీ-గెట్-సైజ్ అయింది. పాత పేరుతో వ్రాసిన సోర్స్‌కు ఇబ్బంది రాకుండా, హెడర్ ఫైలులో పాత పేరు కనబడితే కొత్త పేరుగా చదువుకోవాలి అని ఒక మాక్రో పెట్టారు. హెడర్ ఫైలును చూసేది కంపైలరు మాత్రమే. కాబట్టి మళ్లీ కంపైల్ చేస్తే కొత్త పేరు నమోదవుతుంది. ఎప్పుడో కంపైలైపోయిన ప్రోగ్రాము హెడర్‌ను చూడదు, తనలో ఉన్న పాత పేరునే అడుగుతుంది. కొత్త లైబ్రరీలో ఆ పేరు లేదు. సోర్స్ ఒక్క అక్షరం మారకపోయినా బైనరీ మారాలి అన్నది ఇందువల్లనే.

లింకు తీసేశాము. సోమవారం రాత్రి ఎనిమిది. రెండు దారులున్నాయి. ఒకటి, ప్యాకేజీలన్నీ 14వి తెచ్చుకోవడం. అదే సరైన దారి, కానీ మన నెట్ వేగానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఇంకేమి తగులుతుందో తెలియదు. రెండోది, పాత పుస్తకాన్ని నిజంగానే వెనక్కి తెచ్చి అల్మారాలో పెట్టడం. 13.2 ఇన్‌స్టాల్ చేసిన పెన్ డ్రైవ్ నా దగ్గర ఉంది. అందులో బేస్ అనే కట్టలో అసలైన లిబ్ఎస్ఎస్ఎల్ 111, లిబ్‌క్రిప్టో 111 ఉంటాయి. ఆ రెండింటినే తీసి, పాత లైబ్రరీల కోసమే ఉన్న కంపాట్ డైరెక్టరీలో పెట్టి, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాము. ఎంజిన్ఎక్స్ లేచింది. పది నిమిషాల పని. లింకుకూ దీనికీ తేడా గమనించండి. లింకులో కొత్త పుస్తకానికి పాత అట్ట వేశాము. ఇక్కడ పెట్టినది పాత పుస్తకమే.

ఇది తాత్కాలికం. భద్రతా సవరణలు ఆగిపోయిన లైబ్రరీని ఇంటర్నెట్‌కు తెరిచిన యంత్రంలో వారాల తరబడి ఉంచకూడదు. గడువు తలమీద ఉన్నప్పుడు పేజీ నడవడం ముఖ్యం, గడువు దాటిన మరునాడే సరైన పని చేయాలి అని ముగ్గురం మాట్లాడుకుని నిర్ణయించాము. కొందరు దీన్ని కూడా ఒప్పుకోరు, మొదటి దారే పట్టాలి అంటారు. పిల్లల దరఖాస్తులు పక్కన పెట్టి ఆలోచిస్తే వారి మాట సరైనదే.

గురువారం ఉదయం కూర్చున్నాము. పికెజి నడవనప్పుడు వాడడానికి పికెజి-స్టాటిక్ అని ఒకటి దానితోపాటే వస్తుంది. దానికి కావలసిన లైబ్రరీలన్నీ దానిలోనే కలిపి కట్టి ఉంటాయి, బయటి పుస్తకం అవసరం లేదు. కంపాట్‌లో పాత లైబ్రరీలు ఉన్నందున పికెజి ఇప్పుడు మామూలుగానే నడిచేది. అయినా పిల్లలకు తెలియాలని స్టాటిక్‌తోనే చేయించాను. మొదట దానితో పికెజిని కొత్తది వేసి, తర్వాత అప్‌గ్రేడ్ మైనస్ ఎఫ్ అని ఇస్తే ప్యాకేజీలన్నింటినీ బలవంతంగా మళ్లీ వేస్తుంది. మైనస్ ఎఫ్ ఎందుకంటే, వెర్షను సంఖ్య ఒకటే అయినా 13కు కట్టినది వేరు, 14కు కట్టినది వేరు. పోర్ట్స్ నుంచి మనమే కంపైల్ చేసుకున్నవి ఉంటే వాటిని విడిగా మళ్లీ కట్టాలి. గ్రాఫిక్స్ కార్డుకు వేసుకున్న కెర్నెల్ మాడ్యూళ్లు ఉంటే వాటినీ కట్టాలి. సర్వరుకు తెర అవసరం తక్కువ, ఇంట్లో వాడే కంప్యూటరులో మాత్రం ఇది మరిచిపోతే బొమ్మే రాదు.

ఈ పనిలో ఇంకో రకం తప్పు మీకు కనబడవచ్చు. లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 7లో ఎఫ్‌బీఎస్‌డీ 1.7 అనే వెర్షను లేదు అని. ఇది మా చిక్కుకు సరిగ్గా తలకిందులు. లిబ్‌సీ అన్నింటికీ మూలమైన లైబ్రరీ. 2008లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 7.0 నుంచి దాని చివరి అంకె 7గానే ఉంది, మార్చలేదు. దాని బదులు లోపలి ఫంక్షన్లకు వెర్షను గుర్తులు పెడుతూ వచ్చారు. కాబట్టి ఈ తప్పు వచ్చింది అంటే కొత్త వెర్షను కోసం కట్టిన ప్యాకేజీని పాతదాని మీద వేశారు అని అర్థం. ఇటువంటి ప్యాకేజీని వేయబోతే పికెజి ముందే ఆపి, వెర్షను పొసగడం లేదు, అయినా వేయాలంటే ఇగ్నోర్ ఓఎస్‌వెర్షన్ అని పెట్టు అంటుంది. తొందరలో ఉన్నవారు అది పెట్టేస్తారు. పెట్టకండి. సిస్టమ్‌ను ముందుకు తీసుకుపోండి, లేదా ఆ సిస్టమ్‌కు తగ్గ ప్యాకేజీ తెచ్చుకోండి.

అన్నింటికన్నా పట్టుకోవడం కష్టమైనది, తప్పు సందేశమే రానిది. సిస్టమ్‌తో వచ్చే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఒకటి, పోర్ట్స్ నుంచి వేసుకున్న ఓపెన్ఎస్ఎస్ఎల్ ఇంకొకటి ఒకే యంత్రంలో ఉండవచ్చు. ఒక ప్రోగ్రాము రెండు లైబ్రరీలను వాడుతుంది అనుకోండి. అందులో ఒకటి మొదటి ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో, రెండోది ఇంకోదానితో కట్టి ఉంటే, ఒకే ప్రోగ్రాములో రెండు ముద్రణలూ చేరతాయి. ఒకరు పాత పుస్తకం చూసి వడ్డీ వేసి, ఇంకొకరు కొత్త పుస్తకం చూసి సరిచూస్తే ఎలా ఉంటుంది? కొన్నాళ్లు నడిచి, ఏ కారణమూ చెప్పకుండా కూలిపోతుంది. ఎల్‌డీడీ జాబితాలో లిబ్‌క్రిప్టో రెండు వేర్వేరు అంకెలతో రెండుసార్లు కనిపిస్తే ఇదే జబ్బు. సిస్టమ్‌దా, పోర్ట్స్‌దా అని ఒకటి తేల్చుకుని, అన్నింటినీ దానితోనే మళ్లీ కట్టాలి. మేము వేసిన తాత్కాలిక మందుకూ ఈ ప్రమాదం ఉంది. సగం ప్యాకేజీలు మార్చి సగం వదిలేస్తే 111, 30 ఒకే ప్రోగ్రాములో కలుస్తాయి. అందుకనే గురువారం మొదలుపెట్టిన పనిని గురువారమే పూర్తిచేశాము, మధ్యలో భోజనానికి కూడా ఒకరి తర్వాత ఒకరం పోయాము.

లిబ్‌సీయే చెడిపోతే ఏమిటి గతి? ఎల్ఎస్ నడవదు, సీపీ నడవదు, షెల్ కూడా తెరుచుకోదు. అప్పటికోసం ఫ్రీబీఎస్‌డీలో రెస్క్యూ అనే డైరెక్టరీ ఉంది. అందులో ముఖ్యమైన పనిముట్లన్నీ లైబ్రరీల అవసరం లేకుండా కట్టి పెట్టారు. సింగిల్ యూజర్ మోడ్‌లో షెల్ పేరు అడిగినప్పుడు రెస్క్యూలోని ఎస్‌హెచ్ పేరు ఇస్తే చాలు, అక్కడినుంచి పాత ఫైలును వెనక్కి పెట్టుకోవచ్చు. జెడ్ఎఫ్ఎస్ వాడేవారికి ఇంతకన్నా సులభం: మొదలుపెట్టేముందు బీఈసీటీఎల్ క్రియేట్ అని ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ తీసి ఉంచుకుంటే, చెడినప్పుడు నిన్నటి సిస్టమ్‌లోకే బూట్ కావచ్చు. మా పాత యంత్రంలో అది లేదు. కనీసం బ్యాకప్ తీశానా అంటే, డేటాకు తీశాను, సిస్టమ్‌కు తీయలేదు.

లినక్స్ వాడే పిల్లలు ఇది మాకు కాదనుకోవద్దు. అక్కడ కెర్నెల్‌ను, లైబ్రరీలను తయారుచేసేవారు వేరువేరు; వాటిని పొసిగేలా కూర్చే బాధ్యత డిస్ట్రిబ్యూషన్ వారిది. మామూలు వాడుకలో చిక్కు రాదు. మీరే సోర్స్ నుంచి జీలిబ్‌సీ కంపైల్ చేసి పాతదాని మీద వేయబోతే ఇక్కడ చెప్పినదంతా మీకు ఎదురవుతుంది. ఎల్‌డీడీ అక్కడా ఉంది. రీడ్ఎల్ఫ్ మైనస్ డీ అక్కడా ఉంది. అది ఒక ఫైలు ఏ పేర్లను అడుగుతోందో, తన పేరు ఏమని చెప్పుకుంటోందో చూపుతుంది. అనుమానమున్న, నమ్మకం లేని ఫైలుకు ఎల్‌డీడీ బదులు రీడ్ఎల్ఫ్ వాడడం మేలు. ఎల్‌డీడీ పనిచేసే తీరులో ఆ ఫైలును నడిపించే అవకాశం ఉంది, రీడ్ఎల్ఫ్ చదువుతుంది అంతే.

ఇంట్లో నేర్చుకోవాలనుకునేవారు ఉన్న కంప్యూటరును ముట్టుకోవద్దు. వర్చువల్ యంత్రంలో ఒక పాత వెర్షను వేసుకుని, రెండు మూడు ప్యాకేజీలు పెట్టుకుని, ఇప్పుడు మద్దతులో ఉన్న వెర్షనుకు మార్చి చూడండి. మేము వేసిన 14.0కు కూడా మద్దతు 2024లోనే ముగిసింది, కాబట్టి అంకెలు మావి కాకుండా మీకు కనబడేవి వ్రాసుకోండి. కావాలనే డిలీట్-ఓల్డ్-లిబ్స్ ముందు కొట్టి, ఏమేమి పడిపోయాయో ఎల్‌డీడీతో జాబితా తీసి, మళ్లీ లేపండి. తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లవాడు గంటల తరబడి నల్ల తెర మీద పరుగెత్తే అక్షరాలు చూస్తూ కూర్చుంటే ఆట అనుకుని స్విచ్ ఆపేయకండి. అది బిల్డ్‌వరల్డ్ అయి ఉండవచ్చు.

గురువారం సాయంత్రం ప్యాకేజీలన్నీ అయ్యాక, కంపాట్‌లో పెట్టిన రెండు ఫైళ్లను తీసేశాము. ఈసారి తీసేముందు జాబితా మొత్తం మళ్లీ నడిపించి, 111 అనే అంకె ఎక్కడా రావడం లేదని అమ్మాయి చదివింది, అబ్బాయి కాగితం మీద టిక్కు పెట్టాడు. అప్పుడు నేను రీబూట్ చేశాను. పేజీ తెరుచుకుంది. ఆ కాగితం గదిలో కంప్యూటరు పక్క గోడకు అంటించి ఉంది, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు. యూ.పీ.ఎస్. బ్యాటరీ కూడా మార్చాము.